ముందు చక్రం ఎత్తి చూడకుండా సామాను కొనొద్దు

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల. బెంగళూరు వచ్చి హొరమావులో స్థిరపడి చాలా ఏళ్లయింది. ఇళ్లకు గ్రానైట్, కడప బండలు వేసే కాంట్రాక్టులు చేస్తుంటాను. 2018లో కొన్న ఇసుజు డీ-మ్యాక్స్ ఎస్-క్యాబ్ పికప్ ఉంది, 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. వారానికి రెండు మూడుసార్లు జిగణి నుంచి గ్రానైట్ తెస్తాను. నెలకోసారి ఊరికి వెళ్లి వచ్చేటప్పుడు బండలు వేసుకొస్తాను. కొన్నాళ్లుగా హంప్ ఎక్కి దిగితే ఎడమ ముందు చక్రం దగ్గర ఠక్కుమంటోంది. స్టీరింగ్ ఎడమకు లాగుతోంది. ఈమధ్యే వేసిన ఎడమ టైర్ లోపలి అంచు అప్పుడే నున్నగా అయిపోయింది. ఒక గ్యారేజ్‌లో చూపిస్తే ముందు సస్పెన్షన్ మొత్తం రెండు వైపులా మార్చాలి, 68 వేలవుతుంది అన్నారు. ఇంకోచోట లింక్ రాడ్లు, బుష్షులు వేస్తే చాలు, 11 వేలు అన్నారు. నా స్నేహితుడేమో స్ప్రింగుల దగ్గర స్పేసర్లు పెట్టి ముందు భాగం రెండు అంగుళాలు లేపితే గుంతల్లో దెబ్బ తగలదంటాడు. ఎవరి మాట వినాలి? మా తమ్ముడికి పానాలు పట్టడం వచ్చు, ఈ పని మేమే ఇంట్లో చేసుకోవచ్చా? వచ్చే వారం పెళ్లికి భార్యాపిల్లలతో ఊరికి ఈ బండిలోనే వెళ్దామనుకుంటున్నాను. వెళ్లొచ్చా?

— హొరమావు, బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మిగతావన్నీ నాలుగు రోజులు ఆగగలవు, ఇది ఆగదు. ఎడమ చక్రం కింది బాల్ జాయింట్‌ను ఎవరైనా జాకీ వేసి సరిగ్గా పరీక్షించి, బాగుందని తేల్చేదాకా ఈ బండిలో భార్యాపిల్లల్ని ఎక్కించుకుని గువ్వలచెరువు ఘాట్ దిగొద్దు. పరీక్షకు పెద్ద సమయం పట్టదు. ఒకవేళ అది కూడా కుదరకపోతే పెళ్లికి బస్సులో వెళ్లిరండి. గ్రానైట్ కూడా అప్పటిదాకా వేరే బండిలో తెప్పించుకోండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మీ బండి ముందు చక్రాలు ఒక్కోటీ రెండు ఆర్మ్‌ల ఆధారంగా నిలబడతాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఛాసిస్ వైపు ఈ ఆర్మ్‌లకు రబ్బరు బుష్షులుంటాయి. చక్రం వైపు ఇవి నకుల్ అనే పెద్ద ఇనుప ముక్కకు బాల్ జాయింట్లతో కలుస్తాయి. మన తుంటి కీలులో లాగే ఒక గిన్నెలో గుండు తిరుగుతుంటుంది, అదే బాల్ జాయింట్. కాయిల్ స్ప్రింగు బరువు మోపేది కింది ఆర్మ్ మీద కాబట్టి బండి ముందు బరువంతా కింది బాల్ జాయింట్ల మీదుగానే చక్రాలకు దిగుతుంది. పైదానికి ఆ బరువు ఉండదు, చక్రం పక్కకు ఒరగకుండా పట్టుకోవడమే దాని పని. అందుకే మామూలుగా ముందు కిందిదే అరుగుతుంది. బాగా అరిగాక గుండు గిన్నెలోంచి ఊడిందంటే చక్రం పక్కకు ఒరిగి మడ్‌గార్డ్ కింద ఇరుక్కుంటుంది. అప్పుడు స్టీరింగ్ మీ చేతిలో ఉన్నా బండి మీ చేతిలో ఉండదు. ఘాట్ దిగుతూ బ్రేక్ తొక్కిన ప్రతిసారీ వెనక బరువు ముందుకొచ్చి పడేది కూడా ఈ జాయింట్ల మీదే.

ఇక 68 వేలా, 11 వేలా అన్న సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఆ రెండు చోట్లా ఎవరూ చక్రం ఎత్తి, "ఇదిగో, ఇక్కడ లూజుంది" అని మీ చేత పట్టించి చూపించలేదు. ఒక రౌండ్ తిప్పి, కింద టార్చి వేసి చూసి చెప్పిన లెక్కలవి. మొత్తం మార్చేస్తే శబ్దం ఎలాగూ పోతుంది కాబట్టి మొదటివాళ్లకు వెతికే శ్రమ లేదు. రెండోవాళ్లు ముందు చవకైన సామాను వేసి చూద్దామనుకున్నారు. ఏది అరిగిందో తెలుసుకోకుండా మీరు ఏ లెక్కకు ఒప్పుకున్నా నష్టమే. ఒకదాంట్లో డబ్బు పోతుంది, ఇంకోదాంట్లో ప్రమాదం అలాగే మిగిలిపోతుంది.

కాబట్టి ఈసారి గ్యారేజ్‌కి వెళ్లినప్పుడు "ఎంతవుతుంది" అని అడక్కండి. "పరీక్షకు ఎంత తీసుకుంటారో చెప్పండి, అది ఇస్తాను, నేను పక్కనే ఉంటాను" అనండి. పని తెలిసిన మెకానిక్ ఈ మాటకు నొచ్చుకోడు. నొచ్చుకుంటే ఇంకో షెడ్డు వెతుక్కోండి.

పరీక్ష ఎలా ఉండాలో చెబుతాను. జాకీ ఎత్తకముందే టైర్ చాలా విషయాలు చెబుతుంది. అరచేతిని టైర్ మీద బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నెమ్మదిగా జరపండి. ఒక దిక్కు నున్నగా, ఎదురు దిక్కు గరుగ్గా తగిలితే టో తప్పింది, అంటే చక్రాలు రెండూ తిన్నగా ముందుకు చూడటం లేదు. గరుకేమీ లేకుండా లోపలి అంచు ఒక్కటే అరిగితే చక్రం పైభాగం లోపలికి వాలింది, అంటే క్యాంబర్ తప్పింది. బుష్షు అరగడమో, స్ప్రింగు కుంగడమో, ఎక్కడో గట్టి గుంతలో పడి ఆర్మ్ వంగడమో కారణం అవుతుంది. అక్కడక్కడా చిన్న చిన్న గుంతలు పడినట్టు అరిగి ఉంటే షాకబ్జర్లను అనుమానించాలి. తర్వాత బండిని చదునైన నేల మీద ఖాళీగా నిలబెట్టి, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలవండి. రెండు వైపులా కొలవండి. ఎడమ ఎత్తు బాగా తక్కువుంటే ఆ వైపు స్ప్రింగు కుంగింది. ఈ కొలత కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, పని చివర్లో దీనితో అవసరం పడుతుంది.

ఇప్పుడు జాకీ. చాలామంది ఛాసిస్ కింద వేసి ఎత్తుతారు. అలా ఎత్తితే ఆర్మ్ పూర్తిగా కిందికి వేలాడి జాయింట్ ఒక పక్కకు బిగుసుకుంటుంది, ఎంత ఊపినా లూజు బయటపడకపోవచ్చు. మీ బండికి జాకీ వేయాల్సింది కింది ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గరగా. చక్రం నేల మీంచి రెండు మూడు అంగుళాలు లేస్తే చాలు. భద్రతకు ఛాసిస్ కింద స్టాండు పెట్టాలి. ఒకరు పొడవాటి ఇనుప రాడ్డు టైర్ కింద దూర్చి చక్రాన్ని పైకి ఎగదోయాలి, ఇంకొకరు ఆర్మ్‌కీ నకుల్‌కీ మధ్య బాల్ జాయింట్ మీద వేలు పెట్టి ఉంచాలి. మంచి జాయింట్ దగ్గర వేలికి ఏమీ తెలియదు. అరిగిందైతే రాడ్డు ఎత్తినప్పుడల్లా టక్, టక్ అని చిన్నగా కదలడం వేలికి తగులుతుంది, కంటికి కనిపించకముందే తగులుతుంది. ఆ వేలు మీదై ఉండాలి. జాయింట్ రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికొచ్చి, దాని చుట్టూ ఇసుక అంటుకుని ఉంటే మాత్రం లూజు లేకపోయినా అది మార్చాల్సిందే. నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌ల్లో ఒకటి రెండుసార్లు దిగితే చాలు, లోపలి గ్రీజు పోయి జాయింట్ తుప్పు పడుతుంది.

అలాగే చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపండి. కదిలితే అది బాల్ జాయింటూ కావచ్చు, వీల్ బేరింగూ కావచ్చు. రెంటినీ విడదీయడం తేలిక. ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచమనండి, మళ్లీ ఊపండి. బ్రేక్ తొక్కగానే లూజు మాయమైతే అది బేరింగ్. తొక్కినా అలాగే ఉంటే ఆర్మ్‌ల వైపు చూడాలి. తర్వాత చేతులు కుడి ఎడమలకు పెట్టి ఊపండి. ఇక్కడ లూజు వస్తే టై రాడ్ ఎండ్ గానీ (స్టీరింగ్ తిప్పుడును చక్రానికి చేర్చే కడ్డీ చివరి కీలు), ఆ కడ్డీ స్టీరింగ్ ర్యాక్‌ను కలిసే లోపలి ఎండ్ గానీ. ఏదో తెలియాలంటే ఊపుతుండగా ఇంకొకరు ఒక్కో కీలు మీదా చెయ్యి వేసి చూడాలి. టై రాడ్ ఎండ్‌నూ నేను బాల్ జాయింట్‌తో సమానంగానే చూస్తాను. అది ఊడితే ఒక చక్రం స్టీరింగ్ మాట వినడం మానేస్తుంది.

బుష్షులకు లివర్ కావాలి. కింది ఆర్మ్‌కు ఛాసిస్ వైపు రెండు బుష్షులుంటాయి, ముందొకటి, వెనకొకటి. ఆర్మ్‌కీ ఛాసిస్ బ్రాకెట్‌కీ మధ్య లివర్ పెట్టి మెల్లగా నొక్కితే రబ్బరు కొద్దిగా సాగడం మామూలే. రబ్బరు ఇనుప గొట్టం నుంచి విడిపోయి సందు కనబడినా, బోల్టు నడిమధ్యన కాకుండా ఒక పక్కకు జరిగి కూర్చున్నా ఆ బుష్షు పని అయిపోయింది. పైపైన సన్నటి చీలికలు కనిపించగానే మార్చాలనేవాళ్ల మాట పట్టించుకోవద్దు, వయసైన రబ్బరుకు అవి ఉంటాయి.

మీరు చెప్పిన మూడు లక్షణాలూ కలిపి చూస్తే నాకు ఎక్కువ అనుమానం ఎడమ కింది ఆర్మ్ బుష్షుల మీద, ఆ తర్వాత అదే వైపు కింది బాల్ జాయింట్ మీద. స్టెబిలైజర్ బార్ అంటే మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా రెండు చక్రాల మధ్య ఉండే కడ్డీ, దాన్ని చక్రం వైపుకు కలిపే చిన్న రాడ్డే లింక్ రాడ్. లింక్ రాడ్ అరిగితే హంప్‌ల దగ్గర ఠక్కుమంటుంది, నిజమే. కానీ దానివల్ల స్టీరింగ్ లాగదు, టైర్ అంచు అరగదు. అందుకే 11 వేలు చెప్పినవాళ్లను ఒక్క మాట అడగండి: "బుష్షులు అంటే ఏ బుష్షులు?" స్టెబిలైజర్ బార్ బుష్షులు అంటే ఆ పనితో మీ టైర్ బతకదు. కింది ఆర్మ్ బుష్షులు అంటే వాళ్లు సరైన దారిలోనే ఉన్నట్టు. స్టీరింగ్ లాగడానికి సంబంధించి ఖర్చు లేని పరీక్ష ఇంకొకటుంది. ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి ఒక రౌండ్ వెళ్లిరండి. ఇప్పుడు కుడికి లాగితే తప్పు టైర్‌దే. మన రోడ్లు నీళ్లు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమకు కొద్దిగా జరగడం ఏ బండికైనా ఉంటుంది. దాన్ని లాగడం కింద లెక్కేయొద్దు.

పరీక్ష అయ్యాక ఏది మార్చాలి, ఏది ఆపొచ్చు? ప్రాణం మీదికి తెచ్చేవి ముందు: కింది బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు. వీటిలో లూజు కనిపిస్తే బేరం లేదు. ఆ తర్వాత కింది ఆర్మ్ బుష్షులు, ఎందుకంటే అవి బాగుపడకుండా అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) నిలవదు, కొత్త టైర్ కొన్నా అదే గతి. లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్షులు చవకైనవి, ఎలాగూ చక్రాలు విప్పుతారు కాబట్టి అప్పుడే వేయించేయండి. పై ఆర్మ్‌లలో లూజు లేకపోతే ముట్టుకోవద్దు. షాకబ్జర్లు నూనె కారుతుంటేనో, హంప్ దాటాక బండి ముందు భాగం ఒకటికి రెండుసార్లు ఊగుతుంటేనో మార్చాలి. బానెట్ మీద చేత్తో నొక్కి వదిలి చేసే పరీక్షను పికప్ విషయంలో నేను పెద్దగా నమ్మను. స్ప్రింగులు గట్టిగా ఉండే బండి కాబట్టి చెడిపోయిన షాకబ్జర్ కూడా అందులో పాసవుతుంది.

ఒక వైపా, రెండు వైపులా అన్నది చాలామంది అడిగేదే. షాకబ్జర్లు, స్ప్రింగులు ఎప్పుడూ జతగానే మార్చాలి, లేకపోతే రెండు చక్రాలు రెండు రకాలుగా స్పందిస్తాయి. 1,60,000 కిలోమీటర్లు తిరిగిన బండికి కింది ఆర్మ్ బుష్షులు, కింది బాల్ జాయింట్లు కూడా రెండు వైపులా వేయించుకోమనే నా సలహా. రెండూ అవే గుంతల్లో తిరిగాయి, ఎడమది రోడ్డు అంచున నడుస్తుంది కాబట్టి కొంచెం ముందు అరిగిందంతే. విడివిడిగా చేయిస్తే అలైన్‌మెంట్ ఖర్చు రెండుసార్లు పడుతుంది. టై రాడ్ ఎండ్‌లో మాత్రం కుడిది బిగుతుగా ఉండి బూటు బాగుంటే ఉంచేయొచ్చు. ఇలా లెక్కేస్తే మీ ఖర్చు ఆ రెండు అంకెల మధ్యలో ఎక్కడో తేలుతుంది.

సామాను జె.సి. రోడ్డులో దొరుకుతుంది, కంపెనీ పార్ట్స్ కౌంటర్లోనూ దొరుకుతుంది. ఎక్కడ కొన్నా ఛాసిస్ నంబర్ చెప్పి కొనండి. ఇదెందుకంటే 2016 నుంచి మన శ్రీసిటీలో తయారైన ఈ డీ-మ్యాక్స్ ఒక తరం, 2019లో థాయ్‌లాండ్‌లో వచ్చిన కొత్త డీ-మ్యాక్స్ ఇంకో తరం. ఆన్‌లైన్‌లో పేరొక్కటే చూసి ఆర్డర్ పెడితే రెండోదాని సామాను వచ్చి కూర్చుంటుంది. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు కంపెనీవే తీసుకోండి, అక్కడ పొదుపు వద్దు. పెట్టె విప్పి జాయింట్ కాడను చేత్తో తిప్పి చూడండి. కొత్తది బిగుతుగా, అన్ని దిక్కులా ఒకే రకంగా తిరగాలి. చేతిలో పట్టుకోగానే కాడ దానంతటదే వాలిపోతే తిరిగిచ్చేయండి. జీఎస్‌టీ బిల్లు లేకుండా కొనొద్దు. శివాజీనగర్ గుజరీలో పాత సామాను చవకగా దొరుకుతుంది. తలుపు హ్యాండిలో, లైటో అయితే తెచ్చుకోండి గానీ, ఇంకొకరి బండిలో అరిగిన బాల్ జాయింట్ తెచ్చి మీ బండికి వేయొద్దు. పాత ఆర్మ్‌లూ అంతే, పైకి తెలియకుండా వంగి ఉంటే అలైన్‌మెంట్‌లో తలనొప్పి. బుష్షుల్లో పాలియురెథేన్‌వి అని గట్టి రకం అమ్ముతారు. కుటుంబంతో తిరిగే, లోడు లాగే మీ బండికి మామూలు రబ్బరే మంచిది. గట్టివి ప్రతి గుంతనూ లోపలికి తెస్తాయి, కొన్నాళ్లకు కిర్రుమంటాయి కూడా.

బిగించే పనిలో ఒక్క విషయం దగ్గర మీరు తప్పకుండా పక్కన నిలబడాలి. రబ్బరు బుష్షుకు లోపలొక ఇనుప గొట్టం, బయటొక ఇనుప గొట్టం ఉంటాయి, మధ్యలో రబ్బరు రెంటికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఛాసిస్‌కు కదలకుండా పట్టేస్తుంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా మధ్య రబ్బరు మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఇప్పుడు మెకానిక్ చక్రం గాల్లో వేలాడుతుండగానే ఆ బోల్టు పూర్తిగా బిగించాడనుకోండి. రబ్బరుకు వేలాడే స్థితే మామూలు స్థితి అయిపోతుంది. బండి నేల మీదికి దిగగానే, ఇంకా ఒక్క గుంత కూడా దాటకముందే, రబ్బరు మెలిపడి ఉంటుంది. ఏళ్లపాటు రావాల్సిన బుష్షు కొద్ది నెలల్లోనే చిరిగిపోతుంది. అప్పుడు సామాను మంచిది కాదని దుకాణంవాడిని తిట్టుకుంటాం. సరైన పద్ధతి ఏమిటంటే గాల్లో ఉండగా బోల్టులు చేతి బిగువుకే వదిలేసి, కింది ఆర్మ్ కింద జాకీతో పైకి ఎత్తుతూ, మీరు జేబులో దాచుకున్న కొలత వచ్చేదాకా, అంటే చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుకు ముందున్న ఎత్తే వచ్చేదాకా తెచ్చి, అప్పుడు బిగువు ఎంతో కొలిచే టార్క్ రెంచ్‌తో చివరి బిగింపు చేయాలి. స్ప్రింగు కుంగి ఉంటే రెండు వైపుల్లో సరిగ్గా ఉన్నదాని కొలత తీసుకోవాలి. లేదంటే చక్రాలు వేసి, బండి నేల మీద నిలబడ్డాక కింద దూరి బిగించాలి. టార్క్ ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, ఆ అంకె చూసి బిగించే షెడ్డునే ఎంచుకోండి.

ఇంకొన్ని చిన్న సంగతులు. ఆర్మ్ బోల్టులు వదులు చేసేముందు వాటి క్యామ్ వాషర్ (తిప్పితే చక్రం కోణం మారే బిళ్ల) ఎక్కడుందో పెయింట్‌తో గుర్తు పెట్టించండి. లేకపోతే అలైన్‌మెంట్ సెంటర్ దాకా బండి తిన్నగా నడవడమే కష్టం. బుష్షులను సుత్తితో కొట్టి దూర్చనివ్వొద్దు, ప్రెస్ యంత్రం ఉన్నచోటే చేయించాలి. బాల్ జాయింట్ కాడ కూర్చునే రంధ్రం శుభ్రంగా, పొడిగా ఉండాలి, అక్కడ గ్రీజు రాయకూడదు. కాడ నట్టు బిగించాక, అది వదులవకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి గానీ, వెనక్కి వదులు చేసి కలపకూడదు. పిన్ కొత్తదే వేయాలి. బ్రేక్ క్యాలిపర్ విప్పినప్పుడు దాని గొట్టం మీద వేలాడదీస్తారు చాలాచోట్ల, అది చూస్తే వెంటనే ఆపి తీగతో పైకి కట్టించండి. మీ బండికి ఏబీఎస్ (బ్రేక్ తొక్కితే చక్రం పట్టేయకుండా చూసేది) ఉంటే దాని వైరు కూడా సాగకుండా చూడాలి.

మీ తమ్ముడి సంగతి. లింక్ రాడ్లు ఇంటి దగ్గర మార్చుకోవచ్చు. ముందు రెండు చక్రాలూ ఒకేలా ఉండాలి, రెండూ నేల మీద గానీ, రెండూ స్టాండ్ల మీద గానీ. ఒకటి పైన ఒకటి కింద ఉంటే బార్ మెలిపడి లింక్ రానే రాదు. నట్టుతో పాటు కాడ కూడా తిరిగిపోతుంటే కాడ చివర అలెన్ కీతో పట్టుకుని నట్టు విప్పాలి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎవరూ తల పెట్టకూడదు. బాల్ జాయింట్లు, ఆర్మ్‌లు, షాకబ్జర్లు షెడ్డుకే వదిలేయండి. మీ బండిలో స్ప్రింగు షాకబ్జర్ చుట్టూ బిగించి ఉంటుంది. స్ప్రింగును స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టుతో అణచి పట్టకుండా షాకబ్జర్ నడినెత్తి నట్టు విప్పితే అది ఒక్కసారిగా ఎగిరి మొహాన కొడుతుంది. మీ తమ్ముడికి ఎంత పని వచ్చినా సరే, ఆ నట్టు దగ్గరికి పోవద్దని చెప్పండి.

పని అయ్యాక అలైన్‌మెంట్. చాలాచోట్ల టో ఒక్కటి సరిచేసి పంపిస్తారు. మీకు క్యాంబర్, క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) కూడా కావాలి, ఆ క్యామ్ బోల్టులు ఉన్నది అందుకే. పనికి ముందు అంకెలు, తర్వాత అంకెలు ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. ఎడమా కుడీ దాదాపు ఒకేలా ఉండాలి. అంత చేసినా ఎడమ క్యాంబర్ పరిధిలోకి రాకపోతే ఆర్మో నకులో వంగిందన్నమాట, వదలొద్దు. కొత్త టైర్ ఆ తర్వాతే కొనండి. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూసుకోండి.

లోడు గురించి మీరు అడగలేదు, కానీ మీ వృత్తిలో ఇది చెప్పక తప్పదు. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగు దాదాపు 5 కిలోలు తూగుతుంది. 200 చదరపు అడుగులంటే టన్ను. 40 మిల్లీమీటర్ల కడప బండ అయితే 100 అడుగులకే టన్ను. ఆర్‌సీలో లోడుతో బరువెంతో, ఖాళీ బరువెంతో రెండూ ఉంటాయి. తీసివేస్తే వచ్చేదే మీ హద్దు, అందులో లోపల కూర్చున్న మనుషులు కూడా కలిసి ఉంటారు. రాళ్లు కదా అని ట్రాలీలో సగమే నింపినా ఆ హద్దు దాటిపోతుంది. పలకలను వెనక తలుపు దగ్గరకు కాకుండా క్యాబిన్ వైపుకు జరిపి, కదలకుండా కట్టండి. వెనక చివర బరువు పడితే ముందు భాగం లేచి స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. ముందు సామాను అరిగేది ఆ బరువు ఊరికే నిలబడి ఉన్నందుకు కాదు, లోడుతో వేగంగా వచ్చి హంప్ ముందు సడన్ బ్రేక్ వేసి, బ్రేక్ మీదే హంప్ ఎక్కించినప్పుడు. హంప్‌కు ముందే వేగం తగ్గించి, ఎక్కే క్షణంలో బ్రేక్ వదిలేయండి. మీ డ్రైవర్‌కూ ఇదే నేర్పండి.

చివరగా స్పేసర్లు. వద్దు. స్పేసర్ పెట్టి ముందు భాగం రెండు అంగుళాలు లేపితే ఆర్మ్‌లు ఎప్పుడూ కిందికి వాలి ఉంటాయి, బాల్ జాయింట్లు వాటికి నిర్ణయించిన కోణం చివరి దాకా వెళ్లి పనిచేయాల్సి వస్తుంది. ఇప్పుడు అరుగుతున్నది ఇంకా తొందరగా అరుగుతుంది. క్యాంబర్ సరిచేయడానికి క్యామ్ బోల్టులో జాగా మిగలదు. చక్రం కిందికి దిగే దూరం తగ్గిపోతుంది కాబట్టి గుంతలో దెబ్బ తగ్గకపోగా ఇంకో రకంగా తగులుతుంది. పైగా తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రవాణా బండికి 8 ఏళ్లు దాటాక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి, మీది ఆ వయసు దగ్గరికి వచ్చిన బండి, ఆ తనిఖీలో ఇలాంటి మార్పు ఇబ్బంది తేవచ్చు. గుంతల్లో దెబ్బ తగ్గాలనే మీ కోరిక న్యాయమైనదే. దానికి ఆ స్పేసర్ల డబ్బు షాకబ్జర్ల జతకు కలపండి, టైర్లలో గాలి తలుపు దగ్గరున్న స్టిక్కర్ చూసి ఖాళీకి ఖాళీ లెక్క, లోడుకు లోడు లెక్క పెట్టించండి.